పిన్ని రెండుసార్లు తప్పుకుంది

పిన్ని పోయిందన్న కబురు నాకు కాలేజీలో ఉండగా తెలిసింది. స్టాఫ్ రూమ్‌లో పేపర్లు దిద్దుతున్నాను. అమ్మ ఫోను చేసి, "నా సెల్లి ఎల్లిపోనాదే" అంది. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల మా ఇంటి ముందు నుంచి ఆటో వెళ్తున్న చప్పుడు వినిపిస్తోంది.

గుండె బలహీనపడిందని, ఇక చేసేది పెద్దగా లేదని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పాక పిన్ని విజయనగరంలో మా ఇంటికే తిరిగి వచ్చేసింది. ఆ ఉదయం కాస్త గంజి తాగి, కిటికీ తెర పక్కకు లాగమని అమ్మను అడిగిందట. అమ్మ తెర లాగి వెనక్కి తిరిగేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు పత్రికలన్నీ ఆవిడ గురించి రాశాయి. దేశమంతా చిన్న దుకాణాల్లో బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్ ఆవిడ కంపెనీదే అని, హైదరాబాదులో అద్దె గదిలో మొదలుపెట్టి అంత పెద్దది చేసిందని రాశాయి. ఆవిడకు వచ్చిన బిరుదులు, ఆవిడ పక్కన నిలబడి ఫొటో దిగిన పెద్దల పేర్లు వేశాయి. చివరి ఏళ్ళకు మాత్రం ఒక్క వాక్యం దక్కింది. "కంపెనీ నుంచి తప్పుకున్నాక స్వస్థలంలో సామాజిక సేవలో గడిపారు." పిన్ని అది చదివి ఉంటే చేతిలోని పేపరు పక్కన పడేసి, "సేవేటే? పని సేసినాను" అని ఉండేది. ఆ పని ఏమిటో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మ, పిన్ని పుట్టింది గరివిడి దగ్గర పల్లెలో. తాతయ్య వేరుశనగ, గోగు వేసేవాడు. గోగు కట్టలు నీళ్ళలో నానబెట్టి నార తీసే రోజుల్లో ఊరంతా కుళ్ళు కంపు కొట్టేదని, ఆ కంపులో కూర్చుని పిన్ని లెక్కలు చేసుకునేదని అమ్మ చెబుతుంది. ఇంజనీరింగు చదివి హైదరాబాదు వెళ్ళింది. మొదట్లో ఎక్కడో మీటింగులో నోరు జారి "ఏటండి?" అంటే ఎదుటివాళ్ళు నవ్వారట. ఆ రోజు నుంచి మా మాటను పెట్టెలో పెట్టి తాళం వేసేసింది. టీవీలో చూస్తే ఆవిడ ఇంగ్లీషు, ఆవిడ తెలుగు రెండూ ఇస్త్రీ చేసినట్టుండేవి. మా గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు మాత్రం, "ఏటే అప్పా, ఏటి వండినావు?" అని అరిచేది. మా వైపు అక్కను అప్ప అంటారు.

కంపెనీలో డబ్బు పెట్టినవాళ్ళకు పిన్ని కుర్చీలో ఇంకొకరు కావాల్సి వచ్చింది. బయటికి మాత్రం తనే ఇష్టపడి తప్పుకున్నట్టు ప్రకటన ఇచ్చారు. పిన్ని దాని మీద నవ్వుతూనే సంతకం పెట్టింది. తర్వాత మా ఇంటికి వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని అమ్మతో చెప్పిన మాట వేరు.

"పొమ్మననేదే అప్పా. కుర్సీ కాస్త పక్కకి జరపమన్నారు. జరిపినాక సూసుకుంటే గది బయటున్నాను."

నాలుగు రోజులు ఉండి వెళ్తానని వచ్చిన మనిషి ఇక వెళ్ళలేదు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఎక్కడ ఉండాలన్నా అడిగేవాళ్ళు లేరు. మొదట్లో ఆవిడను చూస్తే నాకు భయం వేసేది. ఫోను చేతిలోంచి కింద పెట్టేది కాదు. కంపెనీలో తాను పెంచిన కుర్రాళ్ళకు ఫోను చేసి, అది అలా ఎందుకు మార్చారు, ఇది ఇలా ఎందుకు తీసేశారు అని నిలదీసేది. వాళ్ళు మొదట మర్యాదగా విన్నారు. తర్వాత మీటింగులో ఉన్నామన్నారు. ఆపైన ఫోను ఎత్తడం మానేశారు. ఒకరోజు మోగి మోగి ఆగిపోయిన ఫోను వైపు అలాగే చూస్తూ కూర్చుంటే అమ్మ పక్కన కూర్చుంది.

"నువ్వు ఫోన్ సేస్తే ఆల్లకి బయవేస్తాది గావాల. మానీవే" అంది.

పిన్ని మానేసింది. చాలా రోజులు నిద్రపోయింది. లేచాక నన్ను పిలిచి స్కూటర్ నేర్పమంది. అన్నేళ్ళు డ్రైవరు ఉన్న మనిషి. సెలవుల్లో మా కాలేజీ గ్రౌండులో నేర్పాను. గోల్ పోస్టును గుద్ది కింద పడి, మోకాలు గీరుకుపోయి, మట్టిలో కూర్చునే నవ్వింది. హైదరాబాదు నుంచి వచ్చాక ఆవిడ నవ్వగా చూడడం నాకు అదే మొదలు. తర్వాత ఎక్కడికైనా స్కూటరే. ఎయిర్‌పోర్టు పనులకు మట్టి మోసే లారీల పక్కనుంచి, ముఖానికి తుండు కట్టుకుని, భోగాపురం దాటి సముద్రం ఒడ్డు దాకా వెళ్ళిపోయేది.

అలా తిరుగుతూనే అక్కడ ఒక వ్యాపారం మొదలుపెట్టింది. ఒడ్డున చేపలు అమ్మే ఆడవాళ్ళ దగ్గర కొని, ఫోనులో అడిగినవాళ్ళ ఇళ్ళకు పంపడం. అది నిలబడలేదు. వేటకు వెళ్ళిన పడవకు ఆ రోజు ఏ చేప పడుతుందో ఎవరికి తెలుసు? వంజరం అడిగినవాళ్ళకు కవళ్ళు పంపితే వెనక్కి కొట్టేవారు. వెనక్కి వచ్చిన చేప చెడిపోయేది. ఇక లాభం లేదని తేలాక, ఆ సంగతి చెప్పడానికి మనిషిని పంపకుండా తనే వెళ్ళింది. ఆదివారం కావడంతో నేనూ వెనక కూర్చున్నాను.

ఆ ఆడవాళ్ళకు పెద్ద దిక్కులాంటిది పోలమ్మ. పొడుగ్గా, ముక్కుకు రెండువైపులా పుడకలతో ఉండేది. పిన్ని ఇసుకలో నిలబడి, "మూసేస్తున్నాను. తప్పు మీది కాదు. నా అంచనా తప్పింది" అని చెప్పింది.

పోలమ్మ పిన్ని కొనిచ్చిన ఐసు పెట్టెల వైపు చూసి, "మరా ఐసు పెట్టెలేటి సేస్తారు మేడమ్?" అంది.

"మీరే ఉంచుకోండి."

"అలగయితే కూకోండి. టీ తాగి ఎల్దురు."

ఆ టీ తాగుతూ ఉండగానే పిన్ని తర్వాతి బతుకు మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. పక్కన పడవ దగ్గర మగవాళ్ళు వాదించుకుంటున్నారు. మర్నాడు వేటకు వెళ్ళాలా, మానాలా అని. పోలమ్మ మొగుడు ఎర్రయ్య ఫోను పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఇదేటో సూడండి. ఎల్లమంటన్నాదా, వద్దంటన్నాదా?"

వాతావరణ హెచ్చరిక అది. వాక్యం మొదలైన చోటికీ ముగిసిన చోటికీ మధ్య చాలా దూరం ఉంది. పిన్ని ఒకసారి చదివి, మళ్ళీ చదివింది.

"వద్దంటన్నాది" అంది.

"మరా ముక్క సెప్తే సాల్దా!" అని ఎర్రయ్య పగలబడి నవ్వాడు. చేతిలోని ఫోనును పిల్లాడి తల నిమిరినట్టు నిమిరి జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చాక పిన్ని గేటు దగ్గర స్కూటర్ ఆపి, "మనం మాటాడినట్టు ఫోను మాటాడితే?" అంది నాతో.

మా మేడ మీద గదిలో గోడలకు అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీశారు, బయటి చప్పుడు లోపలికి రాకుండా. పిన్ని ఇద్దరు ఇంజనీర్లను పెట్టుకుంది. అధికారులు ఇచ్చే సముద్రపు కబురు వీళ్ళు సాయంత్రం తీసుకుని, మామూలు మాటల్లోకి మార్చి, పోలమ్మ చేత చదివించి రికార్డు చేస్తారు. ఒడ్డు వెంబడి ఊళ్ళలో అడిగినవాళ్ళ ఫోను మోగుతుంది. ఎత్తితే పోలమ్మ గొంతు. తెలుగు లెక్చరర్‌ను కదా అని మొదటి కబురు నేను రాశాను. పోలమ్మ అది కూడబలుక్కుని చదివి, "ఏటమ్మా, ఎవులైనా సచ్చిపోనారా?" అంది. పిన్ని నవ్వు ఆపుకోలేక గది బయటికి వెళ్ళిపోయింది. వచ్చి తనే చెప్పింది. "రేపు సంద్రం బాగోదు. గాలెక్కువ. ఏటకెల్లకండి." అంతే.

ఇన్నాళ్ళూ తాళం వేసి పెట్టిన మాట ఆవిడకు అలా మళ్ళీ పనికొచ్చింది.

అప్పట్లో పిన్ని తరచూ ఒక మాట అనేది. "ఇనీవోడికి ఒక్కటే సెప్పాలి. రెండు సెప్తే ఏదీ ఇనడు." కంపెనీ నడిపిన రోజుల నుంచీ ఆవిడ పట్టుకున్న సూత్రమది. అందువల్లే బిల్లు సాఫ్ట్‌వేర్ చదువురాని దుకాణదారు చేతిలో కూడా పనిచేసిందని ఆవిడ నమ్మకం. నేనూ నమ్మాను.

ఒకరోజు అధికారుల ప్రకటనలో గాలులు కొన్నిచోట్ల రావచ్చని ఉంది. 'కొన్నిచోట్ల' అన్న మాటను ఇంజనీర్లు అలాగే ఉంచబోతే పిన్ని తీసేయించింది. వెళ్ళొద్దని పోలమ్మ గొంతు చెప్పింది. ఊళ్ళన్నీ ఆగిపోయాయి. మర్నాడు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. దూరం ఊళ్ళలో ఈ ఫోను కబురు అందనివాళ్ళు వెళ్ళి పడవ నిండా చేపలు తెచ్చుకున్నారు. మన ఒడ్డున పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. పోలమ్మ గంప పట్టుకుని బయటికి వస్తే మగవాళ్ళు, "ఒసే పోలీ, రేపేటి సెప్తావే? ఇంట్లోనే కూకోమంటావా?" అని ఆటపట్టించారట.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ ప్రకటన వచ్చింది. ఈసారి అనుమానం లేకుండా ఉంది. పోలమ్మ చదివింది. పొద్దున సముద్రం మళ్ళీ నున్నగానే ఉంది. ఎర్రయ్య ఇంకొకతనితో కలిసి పడవ తోశాడు. పోలమ్మ వెనకాలే నీళ్ళ దాకా వెళ్ళింది.

"ఎల్లొద్దన్నాను" అని తర్వాత మాతో చెప్పింది. "నవ్వినాడు. ఫోన్లోనూ నువ్వే, ఇంట్లోనూ నువ్వేనేటే అన్నాడు. నవ్వతానే ఎల్లిపోనాడు."

మధ్యాహ్నానికి గాలి లేచి పడవ బోల్తా పడింది. ఆ ఇంకొకతను తెడ్డు పట్టుకుని ఈదుకుంటూ బయటపడ్డాడు. ఎర్రయ్య శవమై మర్నాడు పక్క ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

నేనూ పిన్నీ వెళ్ళేసరికి పోలమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. పిన్ని వాళ్ళ మధ్య ఇసుకలో కూర్చుంది. ఎవరూ ఆవిడను పలకరించలేదు, లేచి పొమ్మనీ అనలేదు. ఒక ముసలావిడ మాత్రం ఎవరి వైపూ చూడకుండా, "ఆనాడు ఉత్తుత్తికి బయపెట్టకపోతే ఈనాడు నమ్మీవోడు" అంది. పిన్ని తల వంచుకుని విన్నది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. నేను నీళ్ళు ఇస్తే తాగలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ ఓదార్చబోయింది. "సంద్రం తీసుకెల్తే నువ్వేటి సేస్తావే?" అంది.

"ఆ ముసలావిడ అన్నది నిజవే అప్పా. ఆ మాట నానే కొట్టించినాను." అంది పిన్ని. "కంపెనీలో ఏదైనా తప్పయితే సరిసేసినామని అందరికీ ఒక మెయిల్ ఎట్టీసీవోళ్ళం. ఇప్పుడు ఎవులికి ఎట్టను?"

ఆవిడ అంతకుముందు ఓడిపోగా చూశాను, అవమానపడగా చూశాను. అలా కుంగిపోగా చూడలేదు. పనిమీద వచ్చిన ఇంజనీర్లను వెనక్కి పంపేసింది. మేడ మీదికి వెళ్ళడం మానేసింది. కర్మకాండలు పూర్తయ్యాక పోలమ్మతో చెప్పి పూర్తిగా ముగించేద్దామని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. పోలమ్మ ఇంటి ముందు ఎండు చేపలు ఏరుతోంది.

"మూసీద్దావనుకుంటన్నాను పోలమ్మా" అంది పిన్ని.

పోలమ్మ తల ఎత్తలేదు. "మూసీసి ఏటి సేస్తారు? ఐద్రాబాదు ఎల్లిపోతారా?"

"తెలీదు."

"మీకు ఎల్లడానికి ఊళ్ళున్నాయి. మాకీ సంద్రవే."

పిన్ని ఆవిడ ఎదురుగా కింద కూర్చుంది. ఆ రోజు తీసేయించిన మాట గురించి దాచకుండా మొత్తం చెప్పింది. అది తన నిర్ణయమేనని, ఇంజనీర్లది కాదని చెప్పింది. పోలమ్మ చేతులు ఆగిపోయాయి. నాకైతే ఆవిడ లేచి మమ్మల్ని బయటికి పొమ్మంటుందనే అనిపించింది.

"మళ్ళీ సెప్పడవే అయితే, తెలీంది తెలీదని కూడా సెప్పాలి. సిన్నగా ఉండాలని ఏదీ కొట్టీకూడదు" అంది పిన్ని చివరికి. "నిన్ను అడగను. ఇంకెవులి గొంతైనా ఎడదాం."

"ఇంకొకర్తి గొంతెందుకు?" అంది పోలమ్మ. అప్పుడు చూసింది పిన్ని ముఖంలోకి. "నానే సెప్తాను. ఆడు నా మాట ఇననేదు. ఇంటే బతికీవోడని ఊరందరికీ తెలుసు. ఇంకొకర్తి సెప్తే అది ఫోను మాటే అవుతాది."

ఆ మాట అన్నాక ఏడ్చింది. పిన్ని కూడా ఏడ్చింది. పిన్ని ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఎండు చేపల మీద వాలుతున్న కాకులను తోలడానికి నేను లేచి అవతలికి వెళ్ళాను.

తర్వాత కబురు పొడుగైంది. "ఈయాల గాలి గట్టిగా వస్తాదో రాదో మాకూ తెలీదు. శ్రీకాకులం వైపు రావొచ్చంటన్నారు. మన వైపు అనుమానవే. ఎల్లీవోళ్ళు దూరం ఎల్లకండి, జతగా ఎల్లండి." ఇలా సాగేది. ఇంత పొడుగు ఎవరూ వినరేమోనని పిన్నికి బెంగగానే ఉండేది. విన్నారు. అందరూ విన్నారని చెప్పను. కానీ ఒకసారి పెద్ద గాలి వస్తుందని కచ్చితంగా చెప్పిన రోజు మేము ఒడ్డుకు వెళ్తే, పడవలన్నీ పైకి లాగి ఉన్నాయి. మగవాళ్ళు వాటి నీడన పేకాడుకుంటూ, పని పోయిందని విసుక్కుంటున్నారు. మధ్యాహ్నం గాలి వచ్చింది. వాళ్ళు పేకముక్కలు ఎగిరిపోకుండా కాళ్ళ కింద పెట్టుకుని ఆడారు. ఎవరూ పిన్నికి కృతజ్ఞతలు చెప్పలేదు. స్కూటర్ తీస్తూ, "సూసినావా, ఎవులికీ గుర్తే నేదు. అలగే ఉండాలి" అని సంతోషపడింది.

పోలమ్మ ఎప్పటి నుంచి మేడమ్ అనడం మానేసిందో గుర్తులేదు. ఒకరోజు మేడ మీద నుంచి, "అప్పా, టీ దిగినాదా?" అని కేక వేస్తే, అమ్మా పిన్నీ ఇద్దరూ పలికారు.

పేరు బయటికి పాకాక విలేకరులు వచ్చారు. పిన్ని వాళ్ళను పోలమ్మ దగ్గరికి పంపేది. కంపెనీ నుంచి కూడా ఒక పెద్దమనిషి వచ్చాడు. ఈ పనిని తమలో కలుపుకుంటామని, పిన్ని మళ్ళీ వచ్చి పై స్థానంలో కూర్చోవచ్చని అన్నాడు. పిన్ని ఒప్పేసుకుంటుందనుకున్నాను. ఆ కుర్చీ కోసం ఆవిడ ఎంత కుమిలిపోయిందో చూసినదాన్ని కదా. పిన్ని అతనికి భోజనం పెట్టి, ఆవకాయ కట్టించి పంపింది. "ఇది నాది కాదు బాబూ ఇవ్వడానికి" అంది.

నిజంగానే అప్పటికే అది ఆవిడది కాకుండా చేసే పనిలో ఉంది. ఒడ్డున ఆడవాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. చదువుకున్న వాళ్ళ కూతుళ్ళకు ఇంజనీర్లు పని నేర్పారు. అంతా కుదిరాక, భోగాపురం దగ్గరే వాళ్ళు తీసుకున్న గదికి యంత్రాలన్నీ తరలించారు. అమ్మ బొంతలు కూడా వెళ్ళాయి. ఆ రోజు పిన్ని తాళంచెవి పోలమ్మ చేతికిచ్చి, అందరితో కలిసి ఫొటో దిగమంటే తప్పించుకుని స్కూటర్ ఎక్కేసింది.

"ఒకపాలి ఎనక్కి సూస్తే మళ్ళీ ఏదో ఒకటి సెప్పాలనిపిస్తాది" అంది నాతో. "ఎల్లిపోవడం అంటే తలుపు బయట నిలబడ్డం కాదే. నడిసి ఎల్లిపోవాలి. మొదటిసారి నాకది తెలీనేదు."

ఆ తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా ఫోను చేసి అది ఎందుకు మార్చారు, ఇది ఎందుకు తీసేశారు అని అడగలేదు. కబురు ముందు వాళ్ళు అమ్మవారి పాట ఒకటి పెట్టారు. నాకు నచ్చలేదు. "చెప్పొచ్చు కదా పిన్నీ" అన్నాను. "ఆలిష్టం" అంది, సాయంత్రం ఆ పాట వింటూ కాలుతో తాళం వేసింది.

జబ్బు అప్పటికే మొదలైంది. మెట్లు ఎక్కలేకపోయేది. స్కూటర్ నాకిచ్చేసింది. మంచం మీద ఉన్న నెలల్లో ఆవిడ పాత సహచరులు కొందరు హైదరాబాదు నుంచి వచ్చి చూసి వెళ్ళారు. ఒకప్పుడు ఫోను ఎత్తడం మానేసిన కుర్రాడు కూడా వచ్చాడు, జుట్టు నెరిసి. ఏదో చెప్పబోతే పిన్ని అతని చెయ్యి పట్టుకుని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని అడిగింది. అతను కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం దాటాడు.

పోలమ్మ వారం వారం వచ్చేది. వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఊరి సంగతులు చెప్పేది. ఇద్దరూ ఎర్రయ్య గురించి కూడా మాట్లాడుకునేవారు, ఊళ్ళో ఉన్న మనిషి గురించి మాట్లాడుకున్నట్టు. చివరి వారం మాత్రం రాలేకపోయింది. కూతురి కాన్పుకు వెళ్ళింది. కబురు తెలిసేసరికి ఇక్కడ దహనం అయిపోయింది.

కర్మలు పూర్తి కాకముందే ఒక ఉదయం వచ్చింది. చేపల బేరానికి బయల్దేరి, సగంలోనే ఆటో ఎక్కి ఇటు వచ్చేసినట్టుంది. చావు ఇంట్లోకి నీచు తేకూడదని గంపను గేటు బయట గోడవారన దింపి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. పిన్ని గదిలోకి వెళ్ళి, ఖాళీ మంచం పక్కన కింద కూర్చుని, దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేసింది. ఒక ముడత పోయాక ఇంకొకటి. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపటికి లేచి, "ఎల్తానమ్మా. సేపలు సెడిపోతాయి" అంది.

అమ్మ గేటు దాకా వెళ్ళింది. మైల విషయంలో మా అమ్మకు పట్టింపు ఎక్కువ. ఆ మైల రోజుల్లో పక్కింటివాళ్ళు చేపలు వేయిస్తేనే కిటికీలు మూయించిన మనిషి. పోలమ్మ తలమీద చుట్టకుదురు సర్దుకుని అటూ ఇటూ చూసింది, గంప ఎత్తడానికి ఎవరైనా సాయం పడతారేమోనని. నేను కదిలేలోగానే అమ్మ వంగింది. రెండు చేతులతో గంప అడుగు పట్టుకుని ఎత్తి పోలమ్మ తలమీద పెట్టింది. గంప అంచు నుంచి నీళ్ళు కారి అమ్మ మోచేతుల దాకా జారాయి.

పోలమ్మ వెళ్ళిపోయాక అమ్మ లోపలికి రాలేదు. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. అమ్మ ఆ చెంబు ముట్టుకోలేదు. చేపల నీళ్ళు ఆరిపోతున్న రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, వీధి వైపు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుంది.